పుట్టెడు నేల ఎన్ని ఎకరాలు?

నేల కొలతల కథ – ఆరో భాగం

పుట్టి అంటే ఎన్ని ఎకరాలు, కుంచం అంటే ఎన్ని సెంట్లు, అంకణానికి ఎన్ని చదరపు అడుగులు? పాత దస్తావేజు చేతికొచ్చిన ప్రతి ఇంట్లోనూ పుట్టే ప్రశ్నలివి. జవాబులకు కొదవ లేదు. చిక్కల్లా ఆ జవాబులు ఒకదానితో ఒకటి కుదరకపోవడమే. అంకణం నెల్లూరులో 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. గోదావరి సీమలోనూ ఉత్తరాంధ్రలోనూ కుంచానికి 10 సెంట్లన్న లెక్క వాడుకలో ఉంది. ఆ లెక్కన నాలుగు కుంచాల తూము 40 సెంట్లు, ఇరవై తూముల పుట్టి 8 ఎకరాలు. అదే పుట్టిని మెట్టసీమలో జొన్న చల్లే రైతు ముందు పెడితే ఎనిమిది ఎకరాలన్న మాట ఆయనకు పొసగదు. ఈ తేడాలు చూసి మన పూర్వులకు కచ్చితమైన లెక్క లేదని తీర్పు చెప్పేయడం సులువు. ఆ తీర్పు తప్పని ఈ భాగంలో నా వాదన. పాత కొలతకూ ఎకరానికీ నడుమ నిలిచిన ఏ అంకె అయినా ఒట్టి గణితంలో పుట్టింది కాదు. ఒక కొలత ఒక చోట, ఒక కాలంలో, ఒక అవసరం కోసం కదలకుండా బిగిసినప్పుడు ఆ అంకె పుట్టింది. ఆ చోటూ ఆ కాలమూ తెలియకుండా దాన్ని మరో ఊరికి మోసుకుపోతే, గుణకారం సరిగ్గానే వస్తుంది. నేల మాత్రం తప్పిపోతుంది.

పుట్టి మొదట గింజల కొలత. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఆపైన తూము, పుట్టి. రెండు తూములకు ఇద్దుమనీ, ఐదుకు ఏదుమనీ, పదికి పందుమనీ విడిగా పేర్లున్నాయంటే ఈ కొలత జనం నాలుక మీద ఎంతగా ఆడిందో తెలుస్తుంది. కుంచెడు నేల అంటే కుంచెడు విత్తనం పట్టే నేల. ఇక ఆ విత్తనం ఏది, ఎలా చల్లారు అన్నదాన్ని బట్టి నేల పరుచుకుంటుంది. వరి నారు పోసి నాటితే ఎకరానికి ఇరవై పాతిక కిలోల విత్తనం కావాలి, వెదజల్లితే అంతకన్నా ఎక్కువ. జొన్నకు మూడు నాలుగు కిలోలు చాలు. అంటే ఒకే కుంచం జొన్నలు వరి గింజల కన్నా ఐదారు రెట్ల నేల మీద పరుచుకుంటాయి. ఈ సంగతి పాతవాళ్లకు తెలియనిది కాదు. వేంగి చాళుక్యుల రాగి శాసనాల్లో దానమిచ్చిన పొలాన్ని ఇన్ని ఖండికల కోద్రవ బీజం పట్టేదని, అంటే ఇన్ని పుట్ల ఆరికల విత్తనం పట్టేదని, గింజ పేరుతో సహా చెప్పిన సందర్భాలున్నాయి. ఆ గింజ పేరు వదిలేసి ఖండికలను మాత్రమే ఎకరాలుగా మార్చబోయేవాడు శాసనం ఇచ్చిన కొలతలో సగం పారేసినట్టే. ఈ పద్ధతి తెలుగు నేలకే పరిమితం కాదు. గుప్తుల కాలపు బెంగాల్ శాసనాల్లో కుల్యవాపం, ద్రోణవాపం అన్న కొలతలున్నాయి. వాపమంటే విత్తడమే; ఎనిమిది ద్రోణవాపాలు ఒక కుల్యవాపం.

గింజతో కొలవడం ఒక దారి, నాగలితో కొలవడం ఇంకొకటి. శాతవాహనుల శాసనాల్లో కనిపించే నివర్తనం అన్న మాటకు మళ్లడం, తిరగడం అని అర్థం. నాగలి చాలు చివర మళ్లే తిరుగుడు ఆ మాటలో ఉందంటారు. ఒక అరక దున్నే నేల అని మొన్నమొన్నటి దాకా పల్లెల్లో చెప్పుకున్నదీ ఈ కోవలోదే. నివర్తనానికి ఒకే విస్తీర్ణం కట్టాలని ప్రయత్నించిన పండితులు, ఎంచుకున్న శాస్త్రగ్రంథాన్ని బట్టి వేరువేరు అంకెలకు చేరుకున్నారు. ఆ అంకెల తగవు కన్నా నాసిక్ గుహల్లోని రెండు శాసనాలు మనకు ఎక్కువ చెబుతాయి. గౌతమీపుత్ర శాతకర్ణి తన 18వ పాలనా సంవత్సరంలో అక్కడి భిక్షువులకు పశ్చిమ కఖడి గ్రామంలో 200 నివర్తనాల పొలం ఇచ్చాడు. 24వ సంవత్సరంలో, తల్లి బలశ్రీతో కలిసి ఇచ్చిన ఆజ్ఞలో, కఖడిలో లోగడ ఇచ్చిన పొలం సాగు కావడం లేదనీ ఊళ్లో జనం లేరనీ ఒప్పుకుని, దాని బదులు నగరం పొలిమేరలోని రాజుగారి పొలంలో 100 నివర్తనాలు ఇచ్చాడు. అంకె సగానికి తగ్గింది. దున్నే మనిషి లేని రెండు వందల కన్నా నగరం పక్కన పండే వంద మేలన్నది ఆ ఆజ్ఞ రాసిన వారికి వివరించి చెప్పాల్సినంత సంగతి కూడా కాలేదు. ఈ శాసనాలను నేటి చదరపు మీటర్లలోకి మార్చి పక్కపక్కన పెడితే రాజు తన దానాన్ని సగానికి కోసేశాడనిపిస్తుంది. నిజం దానికి ఎదురు దిశలో ఉంది.

ఎకరం దగ్గరికి వద్దాం. మన కొలతలు రైతువి, ఎకరం శాస్త్రానిది అన్న భావన చదువుకున్నవారిలో గట్టిగా ఉంది. ఎకరం పుట్టుక చూస్తే అది నిలవదు. మధ్యయుగపు ఇంగ్లండులో ఒక ఎడ్ల జత ఒక రోజులో దున్నగలిగే నేలకే ఆ పేరు. నివర్తనానికీ మన అరక పొలానికీ అది చుట్టమే. ఆ దేశపు రాజశాసనం దాన్ని 660 అడుగుల పొడవు, 66 అడుగుల వెడల్పు గల పట్టీగా బిగించింది. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే గణితజ్ఞుడు 66 అడుగుల గొలుసుకు వంద లింకులు పెట్టాడు. దాంతో ఒక కొత్త సౌలభ్యం వచ్చింది: పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అంటే లక్ష చదరపు లింకులు. పొలం పొడవునూ వెడల్పునూ లింకుల్లో గుణించి చుక్కను ఐదు స్థానాలు ఎడమకు జరిపితే ఎకరాలు వచ్చేస్తాయి. ఎకరంలో నూరో వంతైన మన సెంటు, అంటే 48.4 చదరపు గజాలు, ఈ గొలుసు లింకుల నుంచి ఊడిపడిందే. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఎకరం ఘనత దాని పుట్టుకలో లేదు. దాన్ని ఒక రాజ్యం ముందుగా బిగించి, గొలుసుతో లోకమంతా లాక్కుపోగలగడంలో ఉంది.

ఆ గొలుసు తెలుగు నేల మీదికి వచ్చిన తీరే మన ఇప్పటి గందరగోళానికి మూలం. నిజాం కుంఫిణీకి ఒదిలిన దత్తమండలాలకు 1800లో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలం పొలాన్నీ కొలిపించడం మొదలుపెట్టాడు. నలుగురు గుమస్తాలతో మొదలైన ఆ పని ఊపందుకున్నాక వందమందికి పెరిగింది. వాళ్ల చేతిలోని గొలుసు 33 అడుగులది. ఆ గొలుసు చదరం గుంట. నలభై గుంటలు ఎకరం. కొలిచేవాళ్ల వెనకాలే మన్రో ఇంకో జట్టును పంపాడు. వాళ్లు నేలను మాగాణి, తోట, మెట్ట అని విడదీసి, ఒక్కొక్కదానిలో తరగతులు కట్టి శిస్తు నిర్ణయించేవారు. ఈ రెండో జట్టు ఎందుకు అవసరమైందో ఆగి ఆలోచించాలి. పుట్టెడు మాగాణి అన్న ఒక్క మాటలో నేల వెడల్పూ, తడీ, పంటా, దిగుబడి అంచనా కలిసి ఉండేవి. ఎకరం వెడల్పు ఒక్కటే చెబుతుంది. మిగిలినదంతా పక్కన వేరే గళ్లలో, వేరే మనుషులు మళ్లీ రాయాల్సి వచ్చింది. మార్పిడిలో ఏం పోతుందో ఆ గళ్లే సాక్ష్యం.

తర్వాత దారులు చీలిపోయాయి. మద్రాసు రాజధాని సర్వే శాఖ గంటర్ గొలుసుతో సాగింది. కోస్తాకూ రాయలసీమకూ ఎకరం, సెంటు స్థిరపడ్డాయి. బొంబాయి రాజధాని 33 అడుగుల గొలుసునే ఉంచుకుని దాన్ని పదహారు అణాలుగా పంచింది. సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత హైదరాబాదు రాజ్యంలో జరిగిన సర్వే బొంబాయి నమూనాను అనుసరించింది కాబట్టి తెలంగాణకు ఎకరం, గుంట వచ్చాయి. సేత్వార్, టిప్పన్, పహాణీ అనే అక్కడి భూమి రికార్డుల్లో ఆ గుంటే నడిచింది. గుంట 121 చదరపు గజాలు, రెండున్నర సెంట్లు. ఎకరం మాత్రం రెండు చోట్లా ఒకటే, 4,840 చదరపు గజాలు. కనుక ఇక్కడ మార్పిడికి ఇబ్బందే లేదని ఎవరైనా అనుకోవచ్చు. నా దృష్టిలో మన రోజుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన మార్పిడి ఇదే. ఎందుకంటే ఇక్కడ మాట మారదు, అంకె మారదు, అర్థం ఒక్కటే మారుతుంది.

కాగితం మీద 2.20 అని ఉందనుకోండి. గుంటూరు జిల్లా అడంగల్‌లో అది రెండు ఎకరాల ఇరవై సెంట్లు. నల్లగొండ జిల్లా పహాణీలో అది రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. తేడా 30 సెంట్లు, 1,452 చదరపు గజాలు. సెంట్ల లెక్కలో ఆ చుక్క నిజంగా దశాంశ బిందువు. గుంటల లెక్కలో రెండు వేరువేరు కొలతలను విడదీసే గీత మాత్రమే. 1.25కు 1.25 కలిపితే సెంట్లలో 2.50. గుంటల్లో రెండు ఎకరాల యాభై గుంటలు, అంటే 3.10. కరణాలూ పట్వారీలూ ఈ కూడికను వేళ్ల మీద చేసేవారు. కంప్యూటరుకు ఆ చుక్క చుక్కే. చెప్పకపోతే అది దశాంశంగానే కూడుతుంది. అంతకన్నా కనిపించని ముప్పు ఇంకొకటుంది: అంకెలు ఎక్కించే పట్టిక చివరి సున్నాను అనవసరమని తీసేసి 2.20ని 2.2గా చూపిస్తే, చదివేవాడు రెండు ఎకరాల రెండు గుంటలని చదువుతాడు. పద్దెనిమిది గుంటలు, 2,178 గజాల నేల, ఒక్క సున్నాతో కాగితం మీంచి జారిపోతుంది. గుర్తుపట్టడానికి ఒక ఆనవాలుంది. గుంటల లెక్కలో చుక్క తర్వాత 39 దాటి అంకె రాదు. 40 గానీ అంతకు మించి గానీ కనిపిస్తే అది సెంట్ల లెక్క. 39 లోపు అంకె మాత్రం ఒంటరిగా ఏమీ చెప్పదు, ఆ కాగితం ఏ ప్రభుత్వం కింద పుట్టిందో చూడాల్సిందే. జిల్లా పేరు చూసినా చాలదు. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. హద్దు మారినంత మాత్రాన అంతకు ముందరి కాగితాల్లోని చుక్క అర్థం మారదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. గింజతో, నాగలితో కొలిచిన రోజుల్లో ఆ సడలింపు ఎవరికి పనికొచ్చింది? కుంచం ఊరూరికీ మారేది. కొలిచే చేయి బలవంతుడిదైతే కొలత అటే మొగ్గేది. ఎంత నేలకు ఎంత శిస్తో కరణం నోట వినాల్సిందే తప్ప రైతు తానుగా లెక్కకట్టి చూసుకునే వీలు ఉండేది కాదు. ఎకరం, సెంటు వచ్చాక పట్టా మీద ఒక అంకె పడింది. ఆ అంకెను పట్టుకుని చిన్న రైతు కచేరీ మెట్లెక్కి వాదించగలిగాడు. ఇది నిజం, చిన్నది కూడా కాదు. పాత కొలతలను మెచ్చుకునే ఉత్సాహంలో దీన్ని దాచేవారితో నేను ఏకీభవించను. అయితే అభ్యంతరం అక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. బిగిసిన ఎకరం వచ్చాక ఇష్టానుసారం చేసే అధికారం మాయం కాలేదు, చోటు మార్చుకుంది. ఇదివరకు కుంచంలో ఉన్నది ఇప్పుడు తరం, అంటే నేల తరగతి, నిర్ణయంలోకి వెళ్లింది. నీ పొలం ఎంత అన్నది గొలుసు చెప్పింది. అది ఏ తరం అన్నది మనిషే చెప్పాడు, శిస్తు ఆ మాట మీదే పడింది. కొలత కచ్చితంగా ఉంటే న్యాయం దానంతట అదే వస్తుందన్న నమ్మకానికి చరిత్రలో ఆధారం లేదు. కొలతనూ తరాన్నీ రెంటినీ రైతు ప్రశ్నించగలిగిన చోటే అది వచ్చింది.

స్వతంత్ర భారతంలో మన శాసనసభ ఈ సంగతిని చట్టంలోనే ఒప్పుకుంది. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం వ్యవసాయ భూమికి గరిష్ఠ పరిమితి పెట్టినప్పుడు అందరికీ ఇన్ని ఎకరాలు అని ఒక్క అంకె చెప్పలేకపోయింది. ప్రామాణిక కమతం మాగాణిలో 10 నుంచి 27 ఎకరాల దాకా, మెట్టలో 35 నుంచి 54 ఎకరాల దాకా, నేల తరగతిని బట్టి మారుతుంది. అంటే చట్టం తూకంలో పది ఎకరాల మేలైన మాగాణీ, యాభై నాలుగు ఎకరాల నాసి మెట్టా సమానం. కొలత ఎకరాల్లోనే రాశారు, కానీ అడిగిన ప్రశ్న పుట్టెడు నేల అడిగినదే: ఈ నేల ఏ పాటి పంట ఇస్తుంది, ఎంత కుటుంబాన్ని నిలబెడుతుంది?

చరిత్రకారులు ఇంకో మాట అంటారు. పాత కొలతలకు ఏదో ఒక సగటు కట్టకపోతే ఆర్థిక చరిత్రే రాయలేం. కాకతీయుల కాలపు చెరువు కింద ఎంత నేల పారిందో, దేవాలయానికి ఎంత మాన్యం ఉందో ఎలా పోల్చాలి అని. పోల్చాలి. ఒక శాసనం ఉన్న ఊళ్లోనే ఆ నేల నేటికీ గుర్తుపట్టగలిగేలా ఉంటే, అక్కడి మాగాణిని కొలిచి ఆ ఊరికి ఒక అంకె కట్టడం విలువైన పని. దాన్ని పక్క సీమకు అరువివ్వడమే తప్పు. పైగా పాత దస్తావేజులు అంకె ఒక్కదాని మీదే ఎన్నడూ ఆధారపడలేదు. శాసనాల్లో తూర్పున వాగు, దక్షిణాన చింతచెట్టు, పడమట పుట్ట, ఉత్తరాన చెరువు కట్ట అంటూ హద్దులు వరసగా వస్తాయి. నిన్నటి దాకా ప్రతి అమ్మకపు కాగితంలోనూ చెక్కుబందీ, అంటే నాలుగు హద్దుల వివరం, ఉండేది. దస్తావేజులో చెప్పిన విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరనప్పుడు మామూలుగా హద్దులకే బలం ఉంటుందని మన న్యాయస్థానాలు కూడా చాలాకాలంగా చెబుతూ వస్తున్నాయి. ఇది పాత జ్ఞానాన్ని కొత్త న్యాయం గుర్తించడం. అంకె జారవచ్చు, చింతచెట్టూ చెరువు కట్టా ఊరికి తెలుసు.

మరి హెక్టారుతో ఈ గొడవంతా తీరదా? 1956లో మనం మెట్రిక్ కొలతలను చట్టంగా చేసుకున్నాం. హెక్టారు దేశమంతటా ఒకటే, చుక్క ఎక్కడైనా దశాంశమే. గుంట, సెంటు తగవుకు ఇది మంచి మందేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎంత సన్నగా రాస్తామన్నది చూడాలి. హెక్టారు 2.471 ఎకరాలు. విస్తీర్ణాన్ని హెక్టార్లలో రెండు స్థానాలకే సవరిస్తే, చివరి అంకె విలువ 100 చదరపు మీటర్లు, దాదాపు ఒక గుంట. సవరింపులో అటో ఇటో 50 చదరపు మీటర్లు, అంటే సుమారు 60 గజాలు పోవచ్చు. వంద ఎకరాల ఆసామికి అది గట్టు మీది గడ్డితో సమానం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి ఇళ్ల స్థలాల పథకంలో పట్టణ పేద కుటుంబానికి ఇచ్చినది ఒక సెంటు, 48.4 గజాలు. పెద్ద కొలతలో కనిపించని ఆ సవరింపు ఆ కుటుంబం మొత్తం స్థలం కన్నా ఎక్కువ. కొలతకు ఎంత సన్నదనం కావాలో నిర్ణయించాల్సింది ఎక్కువ నేల ఉన్నవాడి అవసరం కాదు, తక్కువ నేల ఉన్నవాడిది. హెక్టార్లలో నాలుగు స్థానాల దాకా, అంటే ఒక చదరపు మీటరు దాకా రాయడం పెద్ద కష్టమూ కాదు.

వచ్చే భాగంలో ఇనాం కమిషన్ కాలానికి, మాన్యాలను ఎకరాలకెక్కించిన 1858 తర్వాతి రోజులకు వెళ్తాం. ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో తాతల నాటి కాగితాలుంటే వాటిలోని కొలతను ఎక్కించుకునేటప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయండి. ఊరి పేరు, తాలూకా, మెట్టో మాగాణో, ఏ విత్తనమో చెప్పి ఉంటే ఆ విత్తనం, నాలుగు హద్దులు, ఫసలీ సంవత్సరం, ఇవేవీ వదలొద్దు. ఫసలీకి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది. కాగితంలో పుట్టెడు అని ఉంటే పుట్టెడనే రాయండి. ఎకరాల అంకె కావాలంటే దాని పక్కన, ఎవరు ఏ లెక్కన కట్టారో చెప్పి, వేరే సిరాతో రాయండి.